కింది పెదవి లోపల

నాలుక మళ్లీ అక్కడికే పోయింది. వద్దే, ముట్టుకోకే అని వీరాయి దానికి పొద్దుటినుంచి చెబుతూనే ఉంది, వింటేనా! కింది పెదవి లోపల, ఎడమ పక్కన, చిగురుకూ పెదవికీ మధ్య సందులో, గోరంత మేర చర్మం మందంగా, గరుకుగా తగులుతుంది. నాలుక కొన అక్కడ ఆగి, దాని అంచు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక్కి వచ్చి, ఊపిరి తీసుకునేలోపే మళ్లీ బయల్దేరుతుంది. నొప్పి లేదు. నొప్పి ఉంటే ఎంత బాగుండేది! మంట పుట్టినా, చీము పట్టినా, పంటి మొన గీరుకుందిలే అనుకుని ఇంత పసుపు అద్దుకుని మరిచిపోయేది. మూడు నెలలుగా నొప్పీ లేదు, తగ్గడమూ లేదు. గోడ గడియారం పదీ అయిదు చూపిస్తోంది. మత్తు డాక్టర్ పదకొండుకు వస్తాడు, వచ్చి నోరు చూస్తాడు. రేపు పొద్దున ఆరింటికి ఆపరేషన్. వీరాయి ఎడమ కిడ్నీ తీసి, ఈ కర్టెన్‌కు అవతల మంచం మీద పడుకున్న కూతురు యువరాణికి పెడతారు. అన్ని పరీక్షలూ అయ్యాయి, అన్ని కాగితాల మీదా సంతకాలు పడ్డాయి, మిగిలింది ఈ మత్తు డాక్టర్ ఒక్కడే.

నోరెందుకు చూడాలట? కోసేది నడుము దగ్గర కదా! పొద్దున నర్సు బీపీ పట్టీ చుడుతుంటే ఈ మాటే అడిగింది, ఊరికే అడుగుతున్నట్టు. నర్సు నవ్వి, మత్తు ఇచ్చాక ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేస్తారనీ, అందుకని నోరు ఎంత తెరుచుకుంటుందో, పళ్లు కదులుతున్నాయో ముందే చూసుకుంటారనీ తమిళంలో చెప్పి పోయింది. గొంతులోకి అంటే వెనక్కి. టార్చి వెలుగు నాలుక మీదుగా లోపలికి పోతుంది. ఇవతల ఉన్న పెదవిని కిందికి లాగి ఎవడు చూస్తాడు, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు? చూడడు. చూడకూడదు. అయినా ఎందుకైనా మంచిదని వీరాయి దుప్పటి ముక్కుదాకా లాక్కుని, కింది పెదవిని పళ్లకు అంటిపెట్టుకుని నోరు తెరవడం మూడుసార్లు అలవాటు చేసుకుంది. నాలుగోసారి తెరుస్తుండగా తన మీద తనకే రోత పుట్టింది. ఛీ, కన్నబిడ్డకు ప్రాణం పొయ్యడానికి వచ్చి దొంగలా నోరు దాచుకోవడం ఏమిటి! అరచేతులు చెమట పట్టి జారుతున్నాయి. ఇది భయం వల్లనో, రెండు రోజులుగా నోట్లో అది లేకపోవడం వల్లనో ఆమెకే తెలియదు. ఫ్యాన్ చప్పుడు వింటుంటే లేచి దాన్ని పీకి పారెయ్యాలనిపిస్తోంది. వరండాలో ఎవరో చెంచాతో గ్లాసు కలుపుతున్నారు, ఆ చప్పుడుకు చంపెయ్యాలనిపిస్తోంది. మునుపెప్పుడూ ఇంత కోపం ఎరగని మనిషి.

ఎరగదేం, ఒకసారి ఎరుగును. నూలు మిల్లు మూతపడిన రోజున గేటు ముందు నిలబడి మేస్త్రీని పట్టుకుని బూతులు తిట్టింది. ఆ గేటులోకి అడుగుపెట్టినప్పుడు ఆమెకు పదహారేళ్లు. కోయంబత్తూరులో మన తెలుగువాళ్ల వాడల్లో ఏ గుమ్మంలో చూసినా మిల్లు మనుషులే ఉన్న రోజులవి. గేటు దగ్గర వాచ్‌మన్ మగవాళ్ల పంచె మడతలు విప్పించి చూసేవాడు, అగ్గిపెట్టె ఉందా, బీడీ కట్ట ఉందా అని. ఉంటే అక్కడి రేకు డబ్బాలో పడేసి లోపలికి పోవాలి. దాచుకుని దొరికితే ఆ పూటే పని పోతుంది. పోదా మరి, లోపలంతా పత్తి! ఒక్క నిప్పురవ్వ చాలు, వెయ్యిమంది కూడు బుగ్గి. పొగ అంటే పాపం అని మిల్లువాళ్ల బిడ్డలకు పలక పట్టకముందే తెలుసు. పొగాకు సంగతి వేరు. దాన్ని ఏ వాచ్‌మనూ అడగలేదు, మేస్త్రీ కూడా బుగ్గలో పెట్టుకునే తిరిగేవాడు. నిప్పు లేదు, పొగ లేదు, వాసన పక్కవాడికి రాదు, ఇంక తప్పెక్కడ? ఈ తెలివి ఆ గేటు లోపల పుట్టి, గేటు దాటి, పెళ్లిళ్లదాకా, పురుళ్లదాకా వచ్చేసింది. వాడలో బీడీ తాగేవాడికి పిల్లనివ్వడానికి వెనకాడినవాళ్లు, పొట్లం నమిలే పిల్లను కోడలుగా తెచ్చుకోవడానికి ఒక్క క్షణం ఆలోచించలేదు. పనిమంతురాలు అనేవాళ్లు పైపెచ్చు.

దాన్ని మొదట చేతిలో పెట్టింది పాపమ్మాళ్. దారాలు అతికే వరసలో వీరాయికి పని నేర్పిన పెద్దామె. మొదటి వారమంతా వీరాయి దగ్గి దగ్గి కక్కుకుంది. గాలినిండా దూది, కనురెప్పల మీద దూది, అన్నంలో దూది. అయిదోరోజు పాపమ్మాళ్ యంత్రం వెనక్కి తీసుకుపోయి, నలిపిన ఆకు చిటికెడు చూపించింది. "పెట్టుకో కన్నూ. కింది పెదివి లోపల అదిమిపెట్టు. నోరు మూసుకోనే ఉంటావు, ఎచ్చిలి ఊరతాది, దూదంతా ఆ ఎచ్చిల్లో చిక్కుకుంటాది. ఉమిసేస్తే సరి. గొంతులోకి పోదు." అవును కదా, ఎంత సబబుగా ఉంది మాట! ఇప్పటికీ సబబుగానే వినిపిస్తుంది. మొదటిసారి తల తిరిగి గోడ పట్టుకుంది, రెండోసారి వాంతి చేసుకుంది, మూడోరోజు నుంచి తియ్యగా ఉంది. ఆకలి కూడా పోయింది, అదే మేలు. పొద్దున్నే పాత చద్ది తిని వస్తే సాయంత్రం షిఫ్టు దిగేదాకా కడుపు అడగదు, కన్ను మూతపడదు. చెల్లెళ్లకు టిఫిన్ డబ్బా మిగిలేది. పాపమ్మాళ్ చెడ్డదా? కాదే! తన దగ్గర ఉన్న ఒక్క మందూ తీసి ఇచ్చింది. ఇరవయ్యొక్కేళ్లు దూదిలో ఉన్నా వీరాయికి దగ్గు రాలేదు, అది ఆ ఆకు చలవేనని ఎన్ని చోట్ల చెప్పుకుందో. తరవాత మిల్లు పోయింది, కాలేజీ హాస్టల్లో గదులు ఊడ్చే పని వచ్చింది. అక్కడ దూది లేదు. అయినా పొట్లం ఎందుకే అని ఒక్కరూ అడగలేదు, తను కూడా తనను అడుక్కోలేదు.

పదీ ఇరవై. కర్టెన్ అవతల యువరాణి కదిలింది, మంచం కిర్రుమంది. నిన్న డయాలిసిస్‌కు తీసుకుపోయినప్పుడు చేతి మీద ఎత్తుగా లేచిన నరం దగ్గర రక్తం సరిగ్గా రాలేదు. సూదులు గుచ్చే ఆ దారి రెండుసార్లు మూసుకుపోయింది, రెండుసార్లు మళ్లీ కోసి తెరిచారు. మూడోసారి మూసుకుపోతే మెడలో గొట్టం అన్నారు, అది ఎన్నాళ్లో నిలవదన్నారు. ఇరవైమూడేళ్ల పిల్ల. కంపెనీలో హెడ్‌ఫోన్ తగిలించుకుని ఎక్కడో ఊళ్లవాళ్లకు ఇంగ్లీషులో సమాధానం చెప్పే పిల్ల. వారానికి మూడుసార్లు సూదులు, రోజుకు కొలిచి పోసిన రెండు గ్లాసుల నీళ్లు. అంతకన్నా తాగితే ఒంట్లో నిలిచిపోయి ఊపిరి ఆడదు. ఎండాకాలం మంచుముక్క నోట్లో పెట్టుకుని, అది కరిగిపోతుంటే కళ్లు మూసుకుని కూర్చునేది. అది చూసి వీరాయి నీళ్లు తాగాలంటే పెరట్లోకి పోయేది.

ముందు తండ్రి ఇస్తానన్నాడు. ఈశ్వరన్ రక్తం కుదిరింది. కానీ ఒంట్లో షుగరు, దానికి తోడు ఊపిరితిత్తులు పాడని తేలింది. ఆ రోజు డాక్టర్ గదిలో జరిగింది తలుచుకుంటే ఇప్పుడు వీరాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. డాక్టర్ పావుగంట సేపు ఈశ్వరన్‌ను ఏకిపారేశాడు, పదిహేనేళ్లు బీడీ తాగావట, చూడు ఏం చేసుకున్నావో అని. ఈశ్వరన్ తల వంచుకుని, మానేసి ఎనిమిదేళ్లయింది సార్ అని గొణిగాడు. పక్కన కూర్చుని వీరాయి డాక్టర్ మాట మాటకూ తలూపింది. బాగా చెప్పండి సార్, నేను చెప్తే వింటేనా అని ఎగదోసింది కూడా. అప్పుడు ఆమె పెదవి కింద ఏముంది? ఆ పూట పెట్టుకున్నది ఇంకా రసం ఊరుతూనే ఉంది, మింగుతూనే మొగుణ్ని తిట్టించింది! అక్కడితో ఆగిందా? బస్సులో ఒండిపుదూరు దాటేదాకా సతాయించింది. "నీ బీడీ వల్లే కదయ్యా, బిడ్డకు ఈలేకపోతివి" అంది, జనం వింటున్నా సరే. ఈశ్వరన్ ఆమె ముఖం వైపు తిరిగి, పెదవి కింద ఉబ్బు మీద ఒక్కసారి చూపు నిలిపి, మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ బీడీ మాన్పించింది ఎవరనుకున్నారు, ఈవిడే. వాకిట్లో నిలబెట్టి, చాప బయట వేసి, నోట్లోకి చెయ్యి పెట్టినంత పని చేసి మాన్పించింది. మానేశాక అతను గిలగిల్లాడుతుంటే తన పొట్లంలోంచి చిటికెడు తీసి పెట్టింది, పాపమ్మాళ్ చెప్పిన మాటలన్నీ అప్పజెప్పి మరీ. ఇంట్లో పొగ లేదని వాడంతా చాటుకుంది. ఈశ్వరన్ ఇవాళ తెల్లవారకముందే కారమడై పోయాడు, రంగనాథుడికి మొక్కుకుని వస్తానని. మధ్యాహ్నానికి వచ్చేస్తాడు. అప్పటికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది.

అడిగి ఉంటే చెప్పేదేమో. అదీ అబద్ధమే, అడిగినా చెప్పేది కాదు. కానీ అడగను కూడా లేదు. ఆస్పత్రిలో కిడ్నీ మార్పిడి కాగితాలు చూసే జెబమలర్ మనవాళ్ల పిల్లే, చర్చి వీధి పిల్ల, తెలుగు వినగానే కుర్చీ దగ్గరికి లాక్కుని అక్కా అక్కా అంది. ఫారం నింపుతూ ఒక్కొక్కటే అడిగింది. నిద్ర పడతాదా, తిండి సరిగ్గా తింటావా, నడక ఉండాదా, చక్కెర కాపీ ఎన్నిసార్లు. అలవాట్లనేచోటికి వచ్చేసరికి పెన్ను ఆపి నవ్వింది. "సిగరెట్టు, మందు అని ఇందులో ఉండాది. నీకు అదంతా ఏంటికక్కా, లేదని రాసేస్తా." రాసేసింది. వీరాయి కూడా నవ్వింది. ఆడదాన్ని పట్టుకుని సిగరెట్టు తాగుతావా అంటే ఎవరికైనా నవ్వు రాదా! నమిలేదీ, అదిమిపెట్టేదీ ఏమైనా ఉందా అన్న ప్రశ్న కాగితంలో ఉందో లేదో, ఉండి జెబమలర్ దాటేసిందో, ఎవరికి తెలుసు. పరీక్షలప్పుడు పంటి డాక్టర్ చూసింది నాలుగు నెలల కిందట, అప్పటికి ఈ మచ్చ లేదు. ఆ వారం రోజులూ పొట్లం ముట్టకుండా ఉప్పుతో పళ్లు తోముకుని పోయింది కాబట్టి ఆయనా ఒక పుచ్చుపన్ను పీకి, బాగుందని రాశాడు. తరవాత అనుమతి కాగితం కోసం తిరగడంలో నెలలు గడిచాయి. ఆ తిరుగుళ్లలో, ఆ ఆదుర్దాలో రోజుకు నాలుగు పెట్టుకునేది ఎనిమిది అయింది. ఆమె చెయ్యగలిగింది అదొక్కటే అయినట్టు.

అందరికన్నా బిడ్డకు చెప్పిన అబద్ధం పెద్దది. నిరుడు యువరాణి మంచం మీదినుంచే పోరు పెట్టింది, అమ్మా అది మానెయ్యి, నాకోసం మానెయ్యి అని. తనే మందుల కొట్టు నుంచి ఒక బిళ్లల అట్ట తెప్పించింది, నమిలే బిళ్లలు. "ఇది మందు మా. కొంచెం నమిలి బుగ్గలో పెట్టుకో, కొంచెం కొంచెంగా దాన్ని మాన్పిస్తాది" అని అట్ట మీది ఇంగ్లీషంతా చదివి చెప్పింది. జీతంలోంచి తెప్పించేది, తనకు రాసిన మందులు ఒక రోజు ఆలస్యమైనా ఇవి మాత్రం ఆగేవి కావు. వీరాయి నమిలింది. మిరియం కొరికినట్టు గొంతు మండింది, కడుపులో తిప్పింది. వారం తరవాత బిళ్ల ఒక బుగ్గలో, పొట్లం పెదవి కింద, రెండూ పెట్టుకుని పనికి పోయింది. తరవాత పొట్లం మార్చింది. చిన్నగా, తెల్లగా, కుట్టేసిన సంచీలు వస్తున్నాయి, పుదీనా వాసన, ఉమిసే పని లేదు, పళ్లు గారపట్టవు. అమ్మకూడదని సర్కారు చెప్పినా కొట్టువాడు అడిగే మనిషిని చూసి కిందినుంచి తీసి ఇస్తాడు. పుదీనా వాసన వస్తుంటే యువరాణి ఆ బిళ్లలదే అనుకుంది. మా అమ్మ మానేసింది అని కంపెనీలో అందరికీ చెప్పుకుంది. అక్కడ కుర్రాళ్లు మెట్ల దగ్గర పెన్నులాంటిది నోట్లో పెట్టుకుని పీలుస్తారట, మామిడిపండు వాసన వస్తుందట, ఇది పొగ కాదక్కా ఆవిరి అంటారట. తల్లీకూతుళ్లు ఆ మాటకు పడీ పడీ నవ్వుకున్నారు. "ఆవిరంటే ఏమ్రా, నోట్లో ఇడ్లీ పెట్టినారా?" అంది వీరాయి. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆమే. పుదీనా సంచీ పెదవి కింద పెట్టుకుని నవ్వింది.

పదీ ముప్ఫయ్యయిదు. "అమ్మా, పడుకోనుండావా?" కర్టెన్ అవతలి నుంచి గొంతు వచ్చింది. లేదు కన్నూ, చెప్పు అంది వీరాయి. "ఆపరేషన్ అయినంక నీళ్లు ఎంత కావాలన్నా తాగొచ్చంట మా. తాగాలంట, రోజుకు మూడు లీటర్లు. డాక్టరే చెప్పినారు. నేను మొదట ఒక చెంబు నీళ్లు నిలబడి గటగటా తాగేస్తా, ఎవురూ కొలవకుండా." యువరాణి నవ్వుతోంది. కొన్ని నెలలుగా ఆ నవ్వు ఇలా వినబడలేదు. "నీకు భయముండాదా మా?" అంది మళ్లీ. లేదు అంది వీరాయి, నాకేం భయం, సన్నగా ఒక కోత, నాలుగు రోజుల్లో లేచి తిరుగుతా అంది. "నాకుండాది" అంది యువరాణి. "నాకేం కాదు, నీకేమన్నా అవుతాదని." వీరాయి పెదవి కొరుక్కుంది, అదే చోట పన్ను దిగింది, అప్పుడు కూడా నొప్పి లేదు.

నొప్పి లేదే అనేది కరుప్పాయి. దారాల వరసలో వీరాయికి ఇవతల నిలబడే మనిషి, ఇద్దరూ ఒక పొట్లం చీల్చుకుని పంచుకునేవాళ్లు. బుగ్గ లోపల తెల్లగా ఏదో పొర లేచింది చూడవే అంది ఒకరోజు, నొప్పి లేదులే అంది. ఆరు నెలలు నొప్పి లేదు. తరవాత నోరు తెరుచుకోలేదు, గంజి గొట్టంతో పోశారు, బుగ్గలోంచి బయటికి రంధ్రం పడింది. ఆమె పోయిన రోజున వీరాయి శవం కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చి ఏడ్చి, పెరట్లోకి పోయి, ఒక చిటికెడు పెట్టుకుని, మళ్లీ వచ్చి ఏడ్చింది. కాబట్టి తెలియదనుకోవడానికి వీల్లేదు. ఇంకొకటి కూడా తెలుసు. ఇచ్చేవాళ్లను, పుచ్చుకునేవాళ్లను కూర్చోబెట్టి జెబమలర్ ఒక రోజు చెప్పింది, ఇచ్చేవాళ్ల ఒంట్లో ఎక్కడ పుట్టకురుపు, అదే కాన్సర్, ఉన్నా ఇవ్వకూడదని. కిడ్నీ పెట్టినాక ఒళ్లు దాన్ని తోసెయ్యకుండా రోగాన్ని ఎదిరించే శక్తిని మందులతో తగ్గిస్తారు, అప్పుడు దాంతోపాటు ఏదొచ్చినా అడ్డుకునేవాడుండడక్కా, విచ్చలవిడిగా పెరిగిపోతాది అంది. ఆ రోజు ఈ మచ్చ లేదు గనక వీరాయి ఊఁ కొట్టింది. ఇప్పుడు ఆ మాట వదలడం లేదు. ఇది అదే అని ఎవరన్నారు? గరుకుగా తగిలిందల్లా అదేనా? నోరెక్కడ, నడుమెక్కడ! చెప్తే ముక్క కోసి పరీక్షకు పంపుతారు, వారాలు పడతాయి, ఆపరేషన్ ఆగిపోతుంది, ఈలోగా బిడ్డ చేతి దారి మూసుకుపోతుంది. చుట్టాల్లో ఇంకొకరు ముందుకు రాలేదు, రారు. చెప్తే బిడ్డ పోతుంది. చెప్పకపోతే, ఇది అదే అయితే, తన చేత్తో తనే బిడ్డ కడుపులో పెట్టినట్టు. చెప్పకపోతే, ఇది అది కాకపోతే, బిడ్డ బతుకుతుంది, చెంబెడు నీళ్లు తాగుతుంది.

ఇంక తట్టుకోలేక లేచింది. చీర కొంగు మూలన, పంటితో తప్ప విప్పలేనంత గట్టిగా వేసిన ముడి. అందులో ఒకటే సంచీ మిగిలి ఉంది. రెండు రోజులుగా దాన్ని తడుముతూనే ఉంది. బాత్‌రూమ్‌లోకి పోయి గడియ పెట్టి, ముడి విప్పి, సంచీని పై పెదవి కింద పెట్టుకుంది, కింద పెట్టడానికి భయమేసి. నిమిషం గడవలేదు, మెడ నరాలు దిగిపోయాయి, చేతుల వణుకు ఆగింది, చెవుల్లో హోరు తగ్గింది. అద్దంలో ముఖం తన ముఖంలా కనబడింది. సిగ్గు లేకపోతే సరి! ఈ పాడు వస్తువు నోట్లో పడితే తప్ప తన బుర్ర తన స్వాధీనంలోకి రాదు, ఈ గంటలో కూడా, కర్టెన్ అవతల బిడ్డను పెట్టుకుని కూడా. ఆ కుదుటపడ్డ బుర్రతోనే రెండు వేళ్లతో కింది పెదవిని లాగి అద్దానికి చూపించింది. మూడు నెలల్లో ఎన్నడూ చూడలేదు, నాలుకతో తడుముకోవడమే తప్ప. తెల్లగా ఉంది. మధ్యలో ఎర్రగా పచ్చి పుండు. అంచులు పైకి లేచి మడతపడి ఉన్నాయి. కరుప్పాయి చూపించిన నాటి నోరు ఆమెకు బాగా గుర్తుంది. తలుపు మీద నర్సు వేళ్లతో కొట్టి, డాక్టర్ వచ్చేశారు, త్వరగా రండి అంది. వీరాయి సంచీని ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి, మళ్లీ పుక్కిలించి, మూతి తుడుచుకుని గడియ తీసింది.

మత్తు డాక్టర్ కుర్రవాడే, గోకుల్‌నాథ్ అని జేబు మీద రాసి ఉంది. చేతిలో ఫైలు, మెడలో స్టెతస్కోపు, నవ్వుముఖం. వీరాయి మీరేనా అమ్మా అని తమిళంలో అడుగుతుంటే అవతలినుంచి యువరాణి, "అమ్మా, ఎవురు, డాక్టరా?" అంది. అతని ముఖం విప్పారింది. "తెలుగా మీరు? మా ఇంట్లోనూ ఇదే మాట. మా అవ్వ ఉంటే మిమ్మల్ని ఇప్పుడే విడిచిపెట్టదు" అన్నాడు. వీరాయికి కూర్చోమన్నట్టు మంచం చూపించి తను నిలబడ్డాడు. ఎంత మర్యాద! ఇలాంటివాడికి అబద్ధం చెప్పడం తేలిక, నిజం చెప్పడమే కష్టం. గుండె మీద స్టెతస్కోపు పెట్టాడు, వీపు మీద పెట్టాడు, గాలి పీల్చమన్నాడు, వదలమన్నాడు. తల ఎత్తించాడు, దించాడు. "నోరు బాగా తెరవండి మా" అన్నాడు. టార్చి వెలిగింది. వీరాయి తెరిచింది. దుప్పటి కింద నేర్చుకున్నట్టే పెదవి పళ్లకు అంటుకుంది, అది తనంతట తనే అంటుకుంది. వెలుగు నాలుక మీదుగా వెనక్కి పోయింది. "నాలుక చాపండి. సరి. పండ్లు కదలవే, గట్టిగా ఉండాయి." టార్చి ఆరింది. ఫైలు తెరిచి గబగబా చదువుకుంటూ పోయాడు. "షుగర్ లేదు, బీపీ లేదు, ఆస్తమా లేదు, పొగ..." ఆ మాట దగ్గర తల ఎత్తకుండానే చిన్నగా నవ్వి గీత గీశాడు. "అంతే మా. ఈ రాత్రి పది తరవాత ఏమీ తినవద్దు. భయపడవద్దు, మేముండాము కదా." పోతూ పోతూ కర్టెన్ పక్కనుంచి తల పెట్టి, "మీ అమ్మ గట్టి మనిషి పాపా" అన్నాడు. యువరాణి నవ్వింది. "తెలుసు సార్" అంది.

గడిచిపోయింది. ఇంతేనా! వీరాయి మంచం పట్టె పట్టుకుంది. రంగనాథా, నువ్వే అడ్డం నిలబడ్డావు తండ్రీ. ఇంక ఎవరూ అడగరు. జెబమలర్ అడగలేదు, పంటి డాక్టర్ అడగలేదు, ఇతనూ అడగలేదు, రేపు మత్తులో పడితే అడిగేవాడే లేడు. ముప్ఫయ్యేళ్లు ఎవరూ అడగలేదు, గేటు దగ్గర వాచ్‌మన్ కూడా. డాక్టర్ తలుపుదాకా పోయాడు. చెప్పుల చప్పుడు. అవతల యువరాణి ఇంకా నవ్వుతూనే ఉంది, గట్టి మనిషట మా నువ్వు అంటోంది. తెలుసు సార్ అందే! ఏం తెలుసు దానికి? ఏం తెలుసని కడుపు తెరిచి పడుకుంటుంది రేపు? మంచం దిగిపోయిన సంగతి వీరాయికి తెలియలేదు. సార్ అని పిలిచింది, అతనికి వినబడలేదు. "సార్!" అంది మళ్లీ. ఈసారి వరండాలో నర్సు కూడా తిరిగి చూసింది.

అతను తలుపు పట్టుకుని ఆగాడు. "పొగ కాదు సార్" అంది వీరాయి. "పొగలాకు. పదారేండ్లప్పట్నుంచి. ఎవురూ అడగలే, నేనూ చెప్పలే. ఈడ చూడండి సార్, ఈడ." చెప్పి, రెండు వేళ్లతో కింది పెదవి పట్టుకుని, చిగురు బయటపడేదాకా కిందికి లాగింది. అతను వెనక్కి వచ్చాడు. టార్చి వెలిగించాడు. వంగాడు. ముఖంలో నవ్వు ఎటు పోయిందో పోయింది. ఇంకాస్త దగ్గరికి వంగి, టార్చి అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తున్నాడు. ఎంతసేపని చూస్తాడు! కర్టెన్ రింగులు జర్రున జరిగాయి. యువరాణి మంచం దిగి, చేతి కట్టును రెండో చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమ్మా? ఏమైంది? సార్, అమ్మకు ఏముండాది? అమ్మా, చెప్పు మా."

వీరాయి కూతురి కళ్లలోకి చూసింది. రెండు వేళ్లూ పెదవి మీదే ఉన్నాయి. డాక్టర్ ఇంకా వదలమనలేదు.